హమద్ టౌన్ బండి బ్రేకులు

కారుకు ఏ రకం బ్రేక్ ప్యాడ్లు వేయించాలి, డిస్కులు మార్చాలా, లేతు మీద కోయిస్తే సరిపోతుందా అని మా వీధి కుర్రాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఫోనులో రెండు బొమ్మలు చూపించి, "అంకుల్, ఇది మంచిదా, అది మంచిదా?" అంటారు. నేను వెంటనే చెప్పను. బండి రోజూ ఎవరు నడుపుతారు, ఏ దారిలో నడుపుతారు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు అని ముందు అడుగుతాను. వాళ్లకు విసుగొస్తుంది. అడిగింది వస్తువు గురించి కదా, ఈయన మనుషుల గురించి అడుగుతాడేమిటని వాళ్ల బాధ. ఆ ప్రశ్నలు నేను చదివిన పుస్తకాల్లో లేవు. బహ్రెయిన్‌లో ఒక బండి, మళ్లీ మళ్లీ మా గ్యారేజీకి వచ్చి, వాటిని నాకు నేర్పింది.

ఎనభైల నడుమ సంగతి. ఆటోమొబైల్ డిప్లొమా చేసి, ఊళ్లో బస్సుల వర్క్‌షాపులో కొంతకాలం పనిచేసి, ఏజెంటు ద్వారా అక్కడికి వెళ్లాను. గుదైబియాలో ఒక పాత ఫ్లాటులో నలుగురైదుగురు తెలుగువాళ్లతో కలిసి ఉండేవాణ్ణి. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి మమ్మల్ని ఎక్కించుకుని, హమద్ టౌన్ వెళ్లే దారిలో ఉన్న గ్యారేజీలో దింపేది. వచ్చిన బండిని చూడటం, రోగం కనిపెట్టడం, ఏ సామాను వేయాలో నిర్ణయించి స్టోరుకు రాసివ్వడం నా పని. బిగించడం మెకానిక్కుల పని. వాళ్ల మీద ఫోర్‌మన్‌గా ఒక పెద్దవయసు మలయాళీ ఉండేవాడు. అందరూ ఆయన్ని ఆశాన్ అనేవారు. వాళ్ల భాషలో గురువని అర్థం. లేతు మెషీను దగ్గర పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక పంజాబీ ఉండేవాడు. ఆయన ఉస్తాద్. మా అందరి మధ్య నడిచేది హిందీయే. దానిలో ఎవరి వ్యాకరణం వారిది.

ఆ గ్యారేజీకి కొన్ని అలవాట్లు ఉండేవి. వాటిలో రెండు ఈ కథకు కావాలి.

మొదటిది, ప్యాడ్లు మార్చినప్పుడల్లా డిస్కును లేతు మీద కోయడం. డిస్కంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం. దాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుని బండిని ఆపేవి ప్యాడ్లు. కోసిన డిస్కు అద్దంలా మెరుస్తుంది. చక్రం సందులోంచి ఆ మెరుపు చూసి కస్టమర్ సంతోషిస్తాడు. కానీ కోసినప్పుడల్లా పళ్లెం పలచబడుతుంది. పలచబడ్డది త్వరగా కాలుతుంది, వంకరపోతుంది. ఎంత మందం కన్నా తగ్గకూడదో డిస్కు అంచునే పోతపోసి ఉంటుంది. నేను వచ్చాక ప్రతి డిస్కునూ కొలిచి, అవసరం ఉంటేనే లేతుకు పంపడం మొదలుపెట్టాను. ఉస్తాద్ అలిగాడు.

"ఇంజినీర్ సాబ్, మీరు రాకముందు ఈ మెషీను రోజంతా పాడేది. ఇప్పుడు దానికి రంజాన్ ఉపవాసం పెట్టారు" అనేవాడు.

రెండో అలవాటు మంచిదే. పని అయ్యాక బండిని రోడ్డు మీద పరీక్షించేది మెకానిక్కే. యజమానికి గానీ డ్రైవరుకు గానీ అప్పుడు స్టీరింగు ఇవ్వం. కొత్త బ్రేకులతో ఏదైనా తేడా వస్తే బాధ్యత మాది కనక పెట్టుకున్న నియమం. డ్రైవర్లు నీడన కూర్చుని చాయ్ తాగేవారు.

ఇక ఆ బండి. జపాను సెడాన్, ఆటోమేటిక్ గేరు. యజమాని మనామాలో టైల్సు, రంగుల దుకాణం నడిపే బహ్రెయినీ. కొత్తగా కట్టిన హమద్ టౌన్‌లో ఇల్లు వచ్చి అక్కడికి మారాడు. పిల్లలిద్దరి బడి మాత్రం పాత చోటే, మనామాలోనే ఉండిపోయింది. వాళ్లను రోజూ దింపి తీసుకురావడానికి ఒక డ్రైవరును పెట్టాడు. నిజామాబాద్ వైపు మనిషి. నాకన్నా వయసులో పెద్ద. అక్కడ లారీ నడిపి వచ్చాడు.

మొదటిసారి వచ్చినప్పుడు నా మాట విని ఆయన ముఖం వెలిగిపోయింది.

"తెలుగోనివా తమ్మీ! ఈ దుబాయిల పని కాడ తెలుగు ఇనక ఎన్ని దినాలైందో."

"ఇది బహ్రెయిన్ అన్నా."

"మా ఊరోళ్లకు అంత దుబాయే. నేనొక్కన్నే ఏరే పేరు జెప్తె నమ్ముతరా?"

ప్యాడ్లు అరిగిపోయాయి. ఎప్పుడు వేశారో తెలియదు కనక అది మామూలే అనుకున్నాను. నా ముందున్న రకాలు ఇవి. కంపెనీవి మెత్తటి ప్యాడ్లు. చప్పుడు చేయవు, డిస్కును తినవు, త్వరగా అరుగుతాయి. ఇనుప రజను కలిపిన గట్టి ప్యాడ్లు. ఎక్కువ కాలం మన్నుతాయి, వేడికి ఓర్చుకుంటాయి. కానీ చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి, డిస్కును గీకుతాయి. మూడోది బజారులో దొరికే నకళ్లు. వాటిని ముట్టుకోను. బహ్రెయిన్‌లో ఘాట్ రోడ్డన్నది లేదు, దీవి అంతా చదును. పిల్లల్ని దింపే ఇంటిబండి. మెత్తటివే సరైనవని రాశాను. డిస్కు మందం బాగుంది. ఉస్తాద్ వైపు చూడకుండా కోత వద్దని రాశాను. ఇప్పటికీ అదే బండి వస్తే అదే రాస్తాను.

ఆ బండి అనుకున్నదానికన్నా చాలా ముందే తిరిగొచ్చింది. ప్యాడ్లు వెనక రేకు కనిపించేదాకా అరిగిపోయాయి. డిస్కు మీద అక్కడక్కడ నీలం మచ్చలు. బాగా కాలిన ఇనుముకు వచ్చే రంగు అది.

కాలిందంటే ఎక్కడో బ్రేకు పట్టుకుని వదలడం లేదని లెక్క. ఒక్కొక్కటీ చూశాను. ప్యాడ్లను నొక్కే పిస్టన్ బిగుసుకుపోయిందా? లేదు. గొట్టం లోపల మూసుకుపోయిందా? లేదు. ఆ రెండింట్లో ఏదైనా అయితే ఒక చక్రమే కాలాలి. ఇక్కడ ముందు చక్రాలు రెండూ సమంగా కాలాయి. పెడల్ దగ్గర కడ్డీ పొడవు ఎక్కువై ఎప్పుడూ కొంచెం నొక్కి ఉంచుతోందా? కొలిచాను. సరిగ్గానే ఉంది. ఆశాన్ స్వయంగా హమద్ టౌన్ దాకా నడిపి తెచ్చి, చక్రం మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"చల్లగా ఉంది. బండికి ఏ రోగమూ లేదు" అన్నాడు.

అరిగిన ప్యాడ్ల నల్ల దుమ్మును ఎయిర్ పైపుతో ఊదేవాళ్లం. అందులో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండేదని, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని ఆ రోజుల్లో మాలో ఎవరికీ తోచలేదు. మీరు అలా చేయకండి.

ఈసారి గట్టి ప్యాడ్లు వేశాను. మచ్చలు పోవాలి కనక డిస్కును కోయడానికి ఒప్పుకున్నాను. ఉస్తాద్ పాట పాడుతూ కోశాడు. బండి కీచుమంటూ వెళ్లి, కీచుమంటూ మరింత త్వరగా తిరిగొచ్చింది. ఇప్పుడు డిస్కు మీద రికార్డు మీద ఉన్నట్టు గీతలు పడ్డాయి. నేను ఎంత మంచి సామాను వేస్తే అంత త్వరగా పోతోంది. అది ఏ లెక్కకూ అందలేదు. చివరికి కొత్త డిస్కులు, కంపెనీ మెత్తటి ప్యాడ్లు వేసి, మొదటి కొన్నాళ్లు మెల్లగా నడపమని, గట్టిగా బ్రేకు కొట్టవద్దని డ్రైవరుకు చెప్పి పంపాను.

"ఇంకెంత మెల్లగ నడపాలె తమ్మీ? ఎనక పిల్లలుంటె నేను బండి ఉరికిస్తనా?" అన్నాడాయన. నవ్వడం అప్పటికే మానేశాడు. "ఈసారి గిట్ల పోతె కఫీలు నన్ను పంపిస్త అంటుండు. లారీ మీదికి మా తమ్ముడెక్కిండు. వాపస్ పోయి ఏం జెయ్యాలె?"

కఫీల్ అంటే వీసా ఇచ్చి పూచీ పడ్డ యజమాని. ఆయన వద్దంటే ఇంకొకరి దగ్గర పనికి కుదరడం ఆ రోజుల్లో దాదాపు లేదు. విమానం ఎక్కడమే.

ఆ వారంలోనే కఫీల్ గ్యారేజీకి వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. అక్కడివాళ్లు వేసుకునే పొడవాటి తెల్లటి అంగీ, తోబు మీద రంగు మరక ఒకటి ఉంది, బజారు హిందీ తడబాటు లేకుండా మాట్లాడేవాడు. నన్ను ముహందిస్ అని, అంటే ఇంజినీరని పిలిచేవాడు.

"ముహందిస్, నాకు యంత్రం తెలియదు. లెక్క తెలుసు. ప్యాడ్లు మంచివైతే డ్రైవరు చెడ్డవాడు. డ్రైవరు మంచివాడైతే నీ ప్యాడ్లు చెడ్డవి. శనివారం వస్తాను. రెండింట్లో ఏదో ఒకటి చెప్పు. ఖలాస్."

జవాబు గురువారం మధ్యాహ్నం దొరికింది. హమద్ టౌన్‌లో ఎవరిదో బండి ఆగిపోయిందంటే ఆశాన్, నేను పికప్పులో బయలుదేరాం. బడి వదిలే వేళ. కొంచెం ముందు అదే సెడాన్ వెళ్తోంది. వెనక అద్దంలోంచి కుర్రాడొకడు మాకు నాలుక చూపిస్తున్నాడు. ఆశాన్ కూడా నాలుక చూపించాడు. వాడి గడ్డం కింద, రెండు వైపులా, బ్రేకు దీపాలు ఎర్రగా వెలుగుతున్నాయి.

ముందు రోడ్డు ఖాళీ. ఒక్క బండి లేదు.

"ఎవరి కోసం బ్రేకు కొడుతున్నాడు?" అన్నాడు ఆశాన్.

"దీపం స్విచ్చు చెడిపోయి ఉంటుంది" అన్నాను నేను. పుస్తకం చదివినవాడికి మొదట తోచేది స్విచ్చే.

రౌండబౌటు దగ్గర సెడాన్ ఆగి, మళ్లీ కదిలింది. కదిలినప్పుడు దీపాలు ఆరిపోయాయి. కాస్త వేగం అందుకోగానే మళ్లీ వెలిగాయి. వేగం పెరుగుతూనే ఉంది, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. స్విచ్చు అలా చెడదు. ఒక పక్క యాక్సిలరేటర్ నొక్కుతూ ఇంకో పక్క బ్రేకు నొక్కాలంటే రెండు కాళ్లు కావాలి. ఆటోమేటిక్ బండిలో రెండు పెడళ్లూ కుడి కాలివే. ఎడమ కాలికి పనే లేదు.

"లారీ డ్రైవరు" అన్నాను.

ఆశాన్‌కు వెంటనే అర్థమైంది. లారీలో ఎడమ కాలు క్లచ్ మీద ఉంటుంది. ఏళ్ల తరబడి ఉన్నచోటు. ఈ బండిలో క్లచ్ లేదు. కాలు ముందుకు చాచితే, ఆ చోట తగిలేది వెడల్పాటి బ్రేకు పెడల్ అంచు. నొక్కుతున్నానని ఆయనకు తెలియదు. కాలు ఊరికే ఆనించాడు, అంతే. టెస్టుకు ఆయన్ని నడపనివ్వకుండా నీడన కూర్చోబెట్టిన మా మంచి నియమం ఇన్నాళ్లూ దాన్ని మా కంట పడనివ్వలేదు. కఫీల్ బెదిరించిన కొద్దీ భయంతో ఆ కాలు ఇంకాస్త బిగిసి ఉంటుంది. అందుకే ఒక్కొక్క జత ముందుదానికన్నా త్వరగా పోయింది.

"శనివారం ఇది చెబితే మనమే వాడికి టికెట్టు తీసినట్టు" అన్నాడు ఆశాన్.

"చెప్పకపోతే?"

"ప్యాడ్లు బాగాలేవందాం. ఇంకో రకం వేద్దాం. మెల్లగా వాడికి నేర్పుదాం."

"ఈలోగా బ్రేకు నూనె మరిగితే? పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. వెనక పిల్లలున్నారు ఆశాన్."

ముందు బండిలో కుర్రాడు ఇంకా నాలుక చాపే ఉన్నాడు.

శుక్రవారం మా తెలుగు ప్రార్థన కూటం అయ్యాక డ్రైవరును గుదైబియాలో కెఫెటీరియా దగ్గర పట్టుకున్నాను. సెలవు రోజు ఆ పక్క తెలుగువాళ్లు నలుగురు కలిసే చోటది. సంగతి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది.

"నన్నే అంటవా? బొంబాయి దాక లారీ కొట్టినోన్ని. బ్రేకు మీద కాలు పెట్టుకోని నడిపే పిచ్చోని లెక్క కనిపిస్తున్ననా?"

"కోపం వద్దన్నా. ఆ కుర్చీలోనే బండి నడుపుతున్నట్టు కూర్చో. బడికి పోతున్నావు. పిల్లలు వెనక ఉన్నారు."

పక్క బల్ల దగ్గరి నిజామాబాద్ కుర్రాళ్లు నవ్వారు. "హారన్ గొట్టే, హారన్ గొట్టు!" అన్నాడొకడు. ఆయన వాళ్లను తిట్టి, చాయ్ గ్లాసు పక్కకు జరిపి, గాల్లో స్టీరింగు పట్టుకున్నాడు. రోడ్డు చూస్తున్నట్టు కళ్లు దూరంగా నిలిపాడు.

"ఎదురుగా ఒక సైకిలు" అన్నాను.

"సూస్తున్న."

"ఇప్పుడు నీ ఎడమ కాలు చూడు."

వంగి బల్ల కింద చూసుకున్నాడు. మడమ నేల మీద లేదు. కాలు ముందుకు చాచి, పాదం గాల్లో నిలిచి ఉంది. కొంచెంసేపు దాన్ని వేరే ఎవరి కాలో అన్నట్టు చూశాడు. కుర్రాళ్లు నవ్వడం ఆపేశారు.

"గిదెప్పుడు పోయింది గాడికి?" అన్నాడు మెల్లగా.

కాసేపటికి, "రేపు కఫీలుకు ఏం జెప్తవ్?" అని అడిగాడు.

"ప్యాడ్లు చెడ్డవని చెప్పలేను అన్నా. ఆ పిల్లలకు ఏదైనా అయితే ఇద్దరం భరించలేం."

ఆయన చాయ్ అలాగే వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

శనివారం పిల్లల్ని బడిలో దింపి ఆయన సెడాన్ తెచ్చాడు. వెనకే దుకాణం పికప్పులో కఫీల్ వచ్చాడు. ఆశాన్, నేను ఎదురెళ్లాం. ఏ మాటతో మొదలుపెట్టాలో నేను దారంతా కూర్చుకుంటూనే వచ్చాను. ముందు బండి సంగతి, తర్వాత అలవాటు సంగతి, చివర కాలు సంగతి. కఫీల్ పికప్పు దిగి, "చెప్పు ముహందిస్" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా డ్రైవరు ముందుకొచ్చి తన ఎడమ తొడ మీద చరిచాడు.

"బాబా, ఇస్కా గల్తీ" అన్నాడు. తప్పు దీనిదని. తర్వాత ఆ కంగారులో హిందీ అందక నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "తమ్మీ, చెప్పు ఆయనకు. పొద్దుగాల కాలు ఎనక్కు ముడుసుకోని కూసున్న. జర సేపైనంక సూస్తె మల్ల గాడనే ఉన్నది. నేను ఆపుదామన్నా అది ఆగుత లేదు. పిల్లలున్న బండి. నాకు భయమైతుంది."

ఒక్క మాట మార్చకుండా చెప్పాను. కఫీల్ డ్రైవరును బండిలో కూర్చోమని, తలుపు తెరిచే ఉంచి, ఆవరణలో ఒక చుట్టు తిప్పమన్నాడు. తోబు అంచు ఎత్తి పట్టుకుని, వంగి, కాలు చూస్తూ పక్కనే నడిచాడు. బండి కదిలిన కాసేపటికే ఆ కాలు వెళ్లి పెడల్ మీద ఆనింది. కఫీల్ ఆపమన్నాడు.

"ఎందుకు?" అని అడిగాడు.

"పిల్లలు ఎనక ఉంటరు గద. ఎవడన్న అడ్డమొస్తె ఎంటనే ఆపాలె. కాలు గాడుంటె ధైర్యం."

చెప్పాను. కఫీల్ నన్ను అడిగాడు: "అలా పెడితే త్వరగా ఆగుతుందా?"

"ఆగదు బాబా. ఎప్పుడూ ఆనించి ఉంచితే బ్రేకు కాలిపోయి ఉంటుంది. నిజంగా అవసరమైనప్పుడు పట్టదు."

ఆయన కొంచెంసేపు బండి వెనక సీటు వైపు చూశాడు. అక్కడ పిల్లల నీళ్ల సీసా ఒకటి పడి ఉంది. తర్వాత డ్రైవరు ముందు అరచెయ్యి చాచాడు.

"తాళం."

డ్రైవరు తాళం ఇచ్చాడు. ఆశాన్ ముఖం తిప్పుకున్నాడు. కఫీల్ సెడాన్ తాళం జేబులో వేసుకుని, రెండో జేబులోంచి పికప్పు తాళం తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు.

"ఇందులో గేర్లున్నాయి. నీ కాలికి పని దొరుకుతుంది. టైల్సు మోయి. పిల్లల్ని నేను దింపుకుంటాను, దుకాణం కొంచెం ఆలస్యంగా తెరుస్తాను. యల్లా, వెళ్లు."

డ్రైవరుకు అర్థం కావడానికి నేను తెలుగులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. విని పికప్పు ఎక్కి, మా వైపు చూడకుండా, మొదటి గేరులోనే ఆవరణ దాటి వెళ్లిపోయాడు. రెండో గేరు వేయడం మరిచిపోయినట్టున్నాడు.

సెడాన్‌కు మళ్లీ కంపెనీ మెత్తటి ప్యాడ్లే వేశాం. కాలిన బ్రేకు నూనె తీసి కొత్తది పోశాం. డిస్కులు కొలిస్తే మందం మిగిలే ఉంది. ఈసారి ఉస్తాద్‌కు పని లేకుండా పోయింది. ఆ జత మామూలుగా ఎన్నాళ్లు రావాలో అన్నాళ్లు వచ్చింది. అప్పటి నుంచి గ్యారేజీలో ఒక మార్పు చేశాం. బ్రేకు పనికి వచ్చిన బండిని, విప్పకముందు, రోజూ నడిపే మనిషి చేత ఒకసారి నడిపించి చూసేవాళ్లం. పని అయ్యాక నడిపేది మాత్రం మెకానిక్కే.

కొన్ని నెలల తర్వాత ఆ పికప్పు మా దగ్గరికి వచ్చింది. గేరు వేసినా బండి లాగడం లేదు. ఆశాన్ కిందికి దూరి, వాసన చూసి, అక్కడే పడుకుని నవ్వడం మొదలుపెట్టాడు. క్లచ్ ప్లేటు మాడిపోయింది. కాలు ఊరికే ఆనించి ఉంచితే క్లచ్చూ అరుగుతుంది.

డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. "గింత దాక బాగనే ఉంటి తమ్మీ. కఫీలుకు నువ్వే జెప్పు. నాతోని గాదు."

దుకాణానికి ఫోను చేశాను. పోయింది క్లచ్ ప్లేటని, కారణం అదే కాలని చెప్పాను. అవతల ఎవరితోనో టైల్సు బేరం ఆగింది.

"ముహందిస్, క్లచ్ పోతే బండి ఏమవుతుంది?" అన్నాడు కఫీల్.

"ఆగిపోతుంది."

"బ్రేకు పోతే?"

"ఆగదు."

"సరే. ఆగిపోయే రకం తప్పులు చేయనివ్వు. ప్లేటు వేసి పంపు."

ఫోను పెట్టేసి డ్రైవరుకు చెప్పాను. కంపెనీ ప్లేటు వేయాలా, బజారుదా అని ఆశాన్ అడిగాడు. కంపెనీదే రాసిచ్చాను. మధ్యాహ్నానికి పికప్పు టైల్సు ఎత్తుకోవడానికి వెళ్లిపోయింది.